ఫ్రిజ్‌లో పెట్టిన పప్పుచారు కూడా పులిసిపోతోంది, తప్పెక్కడ?

భవానీపురం కోడలు:
మాది విజయవాడ. మూడేళ్ల డబల్ డోర్ ఫ్రిజ్. వారం నుంచి ఒకటే గోల. రాత్రి పెట్టిన పప్పుచారు మర్నాడు మధ్యాహ్నానికి వాసన వస్తోంది, డోర్‌లో పెట్టిన పాలు విరిగిపోతున్నాయి, వెనకవైపు దోపిన కొత్తిమీర మాత్రం గడ్డకట్టి నల్లగా అయిపోతోంది! మెకానిక్ చూసి గ్యాస్ అయిపోయింది, మూడు వేలవుతుందన్నాడు. మా అత్తయ్యగారేమో వేడి గిన్నె లోపల పెట్టడం వల్లే అంటున్నారు. అందుకని ఇప్పుడు ఏడింటికి వండినది పదింటిదాకా గట్టు మీదే ఉంచి, చల్లారాక పెడుతున్నా. అయినా అంతే.

గుంటూరు కారం పార్టీ:
ఆ మూడు వేలు అప్పుడే ఇవ్వకండి. ఫ్రీజర్‌లో ఐసు గట్టిగా కడుతోందా? కడుతుంటే గ్యాస్ అనుమానం తర్వాత చూసుకోవచ్చు. ఇలాంటి ఫ్రిజ్‌లలో చల్లగాలి వెనక గోడకుండే రంధ్రాల్లోంచి వస్తుంది, వాటికి ఆనించి గిన్నె పెడితే గాలి ముందుకి రాదు, ఆ పక్కనున్నవేమో గడ్డకడతాయి. మీ కొత్తిమీర చెబుతున్నది అదే. ఫ్రిజ్ థర్మామీటర్ కొని గ్లాసుడు నీళ్లలో వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచండి. 4 డిగ్రీలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. లోపలి నాబ్ మీదుండే 3, 5 డిగ్రీలు కావు, మా నాన్నగారు చాలా ఏళ్లు అలాగే అనుకున్నారు. పాలు డోర్‌లోంచి తీసేయండి, అన్నిటికన్నా వేడిగా ఉండేది అదే.

కృష్ణలంక వంటిల్లు:
మీ అత్తయ్యగారి మాట సగం కరెక్టే. పెద్ద గిన్నె పొగలతో పెడితే పక్కవి కూడా వేడెక్కుతాయి. కానీ మూడు గంటలు గట్టు మీదా, అదీ మన ఎండల్లో? వండినది రెండు గంటల్లోపు లోపలికి వెళ్లాలి, గది 32 డిగ్రీలు దాటితే గంటలోపే. గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో దించి, ఫ్యాన్ కింద గరిటెతో కలిపి, వెడల్పాటి చిన్న డబ్బాల్లోకి సర్దండి, అరగంటలో పనైపోతుంది. అన్నంతో మరీ జాగ్రత్త. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు అందులో ఉంటాయి, బయట ఉంచితే అవి పెరిగి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. గోంగూర, కొత్తిమీర కడగకుండా పొడి గుడ్డలో చుట్టి కింది ట్రేలో పెట్టండి. చేపలు, చికెన్ మూత డబ్బాలో, అన్నిటికన్నా కింది అరలో. ఆవకాయ మాత్రం బయటే, దానికి ఉప్పూ నూనే చాలు.

సింగ్‌నగర్ వాసి:
కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. తలుపు తీయకపోతే నాలుగు గంటలదాకా పర్లేదు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు ఆగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా మీదకి వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, అంతా పారబోశాం. వాసన రాలేదు కదా అని మావాళ్లు పెరుగుని కాపాడబోయారు, నేనే ఒప్పుకోలేదు.

భవానీపురం కోడలు:
దొరికింది! దోసెల పిండి గిన్నె, అయిదు లీటర్లది, సరిగ్గా ఆ రంధ్రాలకి ఆనించి ఉంది. నిన్న రాత్రి 11 డిగ్రీలు, ఇవాళ పొద్దున 4. ఐసు కూడా బాగానే కడుతోంది. పిండి గిన్నె పెట్టింది ఎవరని మాత్రం అడక్కండి, అత్తయ్యగారు పక్కనే ఉన్నారు.