కొనేవాళ్ల బ్యాంకుకు సిండికేట్ లోన్ ఉంటే మన ఎల్‌సీ డబ్బుకు భరోసా ఉన్నట్టేనా?

మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్లో తేజ మిర్చి కొని, తొడిమ తీయించి బయటి దేశాలకు పంపుతాం. ఈసారి బంగ్లాదేశ్ పార్టీ ఒకటి పెద్ద ఆర్డర్ ఇస్తానంటోంది, కానీ 180 రోజుల యూజెన్స్ ఎల్‌సీ (సరైన పత్రాలిస్తే గడువు తర్వాత డబ్బు కడతానని కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ) మీద. ఇక్కడేమో కాంటా కాగానే అడ్తిదారుకు డబ్బు కట్టాలి. ఆర్నెల్లు ఆగడమంటే టెన్షనే.

వేరే పెద్ద బ్యాంకు కన్ఫర్మ్ చేస్తేనే (తానూ కడతానని హామీ ఇస్తేనే) ఆ ఎల్‌సీని డిస్కౌంట్ చేస్తామని (వడ్డీ కోసుకుని ముందే డబ్బిస్తామని) మా బ్యాంకు మేనేజర్ గారు అంటున్నారు. అవతలివాళ్లు మాత్రం "మా బ్యాంకుకు నాలుగైదు విదేశీ బ్యాంకులు కలిసి ట్రేడ్ ఫైనాన్స్ కోసం డాలర్లలో అప్పిచ్చాయి, ఇంకా కన్ఫర్మేషన్ ఎందుకు భాయ్" అంటున్నారు.

ఇలా బ్యాంకులు కలిసి ఇచ్చే సిండికేట్ లోన్‌లో ఒక్కో బ్యాంకు తన వాటా వరకే ఇస్తుంది, వసూళ్లు, పంపకాలు ఏజెంట్ బ్యాంకు చూస్తుంది, వడ్డీ సోఫర్ (డాలర్ అప్పులకు వాడే ప్రామాణిక రేటు) మీద ఇంత అని కడతారు (పాత రేటు డాలర్ లైబర్ 2023 జూన్‌తో పోయింది కదా). అదంతా వాళ్లలో వాళ్ల ఒప్పందం. యూసీపీ 600 (ఎల్‌సీలకు వాడే అంతర్జాతీయ నియమాలు) ప్రకారం నాకు జవాబుదారీ ఎల్‌సీ తెరిచిన బ్యాంకు, కన్ఫర్మ్ చేస్తే ఆ బ్యాంకు, అంతే. నేను అర్థం చేసుకున్నది కరెక్టేనా?

ఇంకోటి. యూపాస్ ఎల్‌సీ అడిగితే నాకు సైట్ మీదే (పత్రాలు చూపగానే) డబ్బు వచ్చి, 180 రోజుల వడ్డీ కొనేవాళ్ల మీద పడుతుందట. మిర్చి, పసుపు ఎగుమతుల్లో ఎవరైనా అలా చేశారా? వడ్డీ వాళ్లదేనని ఎల్‌సీలో ఎలా రాయించాలి? ఈసీజీసీ (ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ బీమా సంస్థ) కవర్ ఉంటే కన్ఫర్మేషన్ ఖర్చు వదిలేయొచ్చా, లేక రెండూ ఉండాల్సిందేనా?