ఓటు ముగిశాక కూడా వాదించాలా, విరమించుకోవాలా?

బరంపురం నుంచి (చర్చాంశం):
మా తెలుగు సంఘం ఉగాది ఆహ్వాన పత్రికలో మాటలు తెలుగువే ఉంచి, లిపి మాత్రం ఒడియా వాడాలని యువ సభ్యులు ప్రతిపాదించారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న పిల్లలకు మన అక్షరాలు రావడం లేదన్నది వారి వాదన. లిపిని వదులుకుంటే కొంతకాలానికి భాషనూ వదులుకుంటామని పెద్దలలో కొందరం రెండు సమావేశాలలో గట్టిగా వ్యతిరేకించాం. చివరకు చేతులెత్తిస్తే యువకుల పక్షమే నెగ్గింది. వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని మళ్లీ ఎత్తాలా, లేక హుందాగా తగ్గాలా?

పర్లాకిమిడి నుంచి:
తగ్గకూడదండి. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లో ఉండి వ్యావహారిక భాష కోసం వాదించిన రోజుల్లో పండితులలో బలమైన వర్గం గ్రాంథికం వైపే నిలిచింది, మద్రాసు విశ్వవిద్యాలయం కూడా చివరకు అటే మొగ్గింది. అయినా ఆయన 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి మరీ వాదన కొనసాగించారు. మర్యాద కోసం ఆయన ఆనాడు ఊరుకొని ఉంటే మన చదువులు ఎలా ఉండేవో ఆలోచించండి. ఎక్కువ చేతులు లేచినంత మాత్రాన మాట సరైనదైపోదు.

గుణుపురం నుంచి:
గిడుగు వారి పట్టుదలను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. అయితే ఆయన వాదించినది పాఠ్యపుస్తకాల గురించి, పరీక్షల గురించి. అక్కడ జరిగే నష్టాన్ని ఒక తరం మొత్తం మోయవలసి వస్తుంది. ఆహ్వాన పత్రిక విషయంలో వచ్చే ఉగాదికే నిర్ణయం మార్చుకోవచ్చు. తిరిగి సరిదిద్దుకోగల విషయంలో, మన మాట అందరూ పూర్తిగా విన్నారని తెలిశాక, కొత్త ఆధారం లేకుండా పాత వాదననే మూడోసారి వినిపించడం వల్ల ఎదుటివారు ఆలోచించరు, విసుగుతో మరింత బిగుసుకుంటారు.

అదే వివాదంలో 1914లో గురజాడ అప్పారావు గారు తాము అంగీకరించని అంశాలను సుదీర్ఘమైన అసమ్మతి పత్రంగా రాసి విశ్వవిద్యాలయానికి సమర్పించారు. దానివల్ల అప్పటి నిర్ణయం మారలేదు గాని, తర్వాతివారికి ఆ వాదన చెక్కుచెదరకుండా అందింది. మీరూ మీ అభ్యంతరాన్ని సంఘం మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆపైన పత్రికలు పంచడానికి యువకులతో కలిసి వెళ్లండి. ఒప్పుకున్నట్టు కనిపిస్తూ ‘ఏమవుతుందో చూద్దాం’ అని పక్కన నిలబడటం తగ్గడం కాదు, అది పంతమే.

ఇంకొక మాట. మా ప్రాంతపు సవరల కోసం గిడుగు వారు తెలుగు లిపిలోనే పుస్తకాలు రాశారు. అలా వేరే లిపిలో రాసినా సవర భాష నిలిచింది. 1936లో మంగయి గమాంగో గారు దానికి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని కూడా రూపొందించారు. మీ యువకుల ఆలోచనలో కొంత బలం ఉందని నాకు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

పర్లాకిమిడి నుంచి:
సవరలు లేని లిపిని సంపాదించుకున్నారు, మనం ఉన్న లిపిని వదులుకుంటున్నాం; ఈ రెండూ ఒకటి కావు. పైగా ఈ ఏడాదికే అని మొదలైనది మరుసటి ఏడాది ఆనవాయితీ అవుతుంది. అప్పుడు అభ్యంతరం చెబితే ‘పోయినసారి ఒప్పుకున్నారుగా’ అంటారు.

గుణుపురం నుంచి:
మీ భయం న్యాయమైనదే. అందుకే తీర్మానంలో ‘ఈ ఒక్క ఉగాదికి’ అన్న మాట చేర్చమని అడగాలి. యువకులు అందుకు నిరాకరిస్తే మూడో సమావేశంలో మాట్లాడటం సబబే, ఎందుకంటే అప్పుడు చర్చ ఒక పత్రికకు పరిమితం కాదు.

బరంపురం నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒడియా లిపిపై జరిగిన నిర్ణయాన్ని మళ్లీ కదపను. అభ్యంతరాన్ని నమోదు చేయించి, గడువు మాట చేర్చమని మాత్రం కార్యదర్శి గారిని ఈ ఆదివారమే అడుగుతాను.