కిడ్నీ బయాప్సీల ఫోమ్ సెల్స్: ఆయిల్ రెడ్ ఓ ఎందుకు పట్టట్లే?

హనుమకొండ_హిస్టో:
నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంల ప్రోటీన్ బాగ పోయే జబ్బు) పేషెంట్ కిడ్నీ బయాప్సీ. పీఏఎస్ రంగు వేసిన స్లైడ్‌ల ట్యూబ్యూల్స్ (మూత్రం సాగే సన్న గొట్టాలు) నడుమ నురగ తీరు కణాలు (ఫోమ్ సెల్స్) గుంపులుగ కనవడుతున్నయ్. పారాఫిన్ (మైనంల పెట్టి కోసిన) సెక్షన్ మీద కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వేస్తే ఒక్క ఎర్ర చుక్క రాలే. ఇవి మాక్రోఫేజ్‌లా, (చెత్తను మింగే రక్షణ కణాలు) ట్యూబ్యూల్ కణాలా? కొవ్వు అసలు అక్కడికి ఎట్ల చేరింది? సార్లు ఎవరన్న చెప్పుండ్రి.

క్రయోస్టాట్_కాజీపేట:
పారాఫిన్‌ల అది పట్టదు అన్నా. ఆల్కహాల్, జైలీన్‌ల తిప్పినప్పుడే కొవ్వు కరిగిపోయింది, మీకు కనవడే నురగ అది పోయిన ఖాళీ జాగ. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు తీసిన ఫ్రోజెన్ (గడ్డకట్టించిన) ముక్క మిగిలితే దాన్ని వాడుండ్రి.

8–10 మైక్రాన్ల సెక్షన్ కోసి ఆరబెట్టి, 10% ఫార్మలిన్‌ల 10 నిమిషాలు ఉంచి కడుగుండ్రి. 60% ఐసోప్రొపనాల్‌ల ముంచి, రంగుల 15 నిమిషాలు. ఐసోప్రొపనాల్‌ల కలిపిన 0.5% స్టాక్ మూడు పాళ్లు, నీళ్లు రెండు పాళ్లు కలిపి, 10 నిమిషాలు ఆగి వడగడితే ఆ రంగు తయారైతది. తర్వాత మళ్ల 60% ఐసోప్రొపనాల్, నీళ్లు, కొద్దిసేపు హెమటాక్సిలిన్. మౌంటింగ్‌కు గ్లిజరిన్ జెల్లీనే. డీపీఎక్స్ (మామూలుగ స్లైడ్ మూసే జిగురు) వద్దు, దాంట్లున్న జైలీన్ కొవ్వును గుంజుకుంటది.

మన వరంగల్ ఎండలకు ఐసోప్రొపనాల్ జల్ది ఆవిరైతది. మూత పెట్టకుంటే రంగు గడ్డకట్టి కణజాలం మీద ఎర్ర చుక్కలు పడ్తయ్, అయ్యి కొవ్వు లెక్కనే కనిపిస్తయ్. ఫోకస్ కదిలిస్తే అవి కణజాలం పైన తేలుతుంటయ్. పక్కన ఫ్యాటీ లివర్ కంట్రోల్ స్లైడ్ తప్పకుండ పెట్టుండ్రి.

రీనల్_పాథ్:
కణం ఏదో తేల్చడానికి మీ పారాఫిన్ బ్లాకే చాలు. సీడీ68, (మాక్రోఫేజ్ గుర్తు), సైటోకెరాటిన్ (ట్యూబ్యూల్ కణం గుర్తు) రెండూ వేయండి. సీడీ68 లైసోజోమ్ (కణంలో చెత్త అరిగించే సంచి) మార్కర్, వేరే కణాల్లోనూ పట్టవచ్చు కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు.

కొవ్వు చేరే దారి: కిడ్నీ ఫిల్టర్ లీకైనప్పుడు ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తనకు అతుక్కున్న ఫ్యాటీ ఆసిడ్లతో సహా ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోకి వస్తుంది. ఆ కణాలు శక్తి కోసం ప్రధానంగా ఫ్యాటీ ఆసిడ్లనే మండిస్తాయి. దెబ్బతిన్నప్పుడు ఆ మండించడం తగ్గి, కొవ్వు చుక్కలుగా పేరుకుంటుంది. అవే కణాలు ఎంసీపీ-1 అనే పిలుపు ప్రోటీన్ వదిలి రక్తంలోని మోనోసైట్లను (ఒక రకం తెల్లకణాలు) పిలుస్తాయి. అవి మాక్రోఫేజ్‌లై సీడీ36 అనే రిసెప్టర్ ద్వారా ఆక్సీకరణ చెందిన, కొలెస్టరాల్ మోసే ఎల్‌డీఎల్‌ను మింగుతాయి. మామూలు ఎల్‌డీఎల్ రిసెప్టర్ కణం నిండగానే తగ్గుతుంది, సీడీ36కు ఆ అడ్డు లేదు. అందుకే నురగయ్యేదాకా నిండుతాయి. ఇక్కడి మాక్రోఫేజ్‌లు వదిలే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ వల్ల మచ్చ పెరుగుతుంది. అలాగని మాక్రోఫేజ్‌లన్నీ శత్రువులు కావు, చచ్చిన కణాలను ఎత్తేసి మరమ్మతు చేసేవీ వాటిలో ఉంటాయి.

ఫోమ్ సెల్స్ చూసి జబ్బు పేరు పెట్టొద్దు. ఎఫ్‌ఎస్‌జీఎస్, (ఫిల్టర్‌లో అక్కడక్కడ మచ్చ), ఆల్పోర్ట్ (వంశపారంపర్య కిడ్నీ జబ్బు), మెంబ్రేనస్ (ఫిల్టర్ పొర మందమయ్యే జబ్బు), ఏదైనా కావచ్చు. వయసు చిన్నదైతే ఆల్పోర్ట్‌ను మాత్రం మరవొద్దు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అడగండి.

హనుమకొండ_హిస్టో:
మరి స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) ఇస్తే ఈ కొవ్వు పోయి కిడ్నీ జబ్బు ముదరకుండ ఆగుతదా సార్?

నెఫ్రో_కరీంనగర్:
అంత ఆశ పెట్టుకోవద్దు. 2011లో వచ్చిన షార్ప్ ట్రయల్‌లో సుమారు 9,270 మంది కిడ్నీ రోగులపై సిమ్వాస్టాటిన్ 20, ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు పరీక్షించారు. గుండె, రక్తనాళాల పెద్ద ఘటనలు 17% తగ్గాయి, కిడ్నీ జబ్బు ముదరడం మాత్రం ఆగలేదు. స్టాటిన్ ఇచ్చేది గుండె కోసం. 50 ఏళ్లు దాటి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 60 లోపున్నవారికి ఇవ్వాలి. డయాలసిస్‌లో ఉన్నవారికి కొత్తగా మొదలుపెట్టం, ముందునుంచి వాడుతుంటే ఆపం. నెఫ్రోటిక్‌లో అసలు పని మూత్రంలో ప్రోటీన్ తగ్గించడం. ఆల్బుమిన్ కోలుకుంటే కొలెస్టరాల్ దానంతటదే దిగుతుంది.

రిపోర్ట్‌లో ఫోమ్ సెల్స్ ఎక్కడ, ఎన్ని, పక్కన మచ్చ ఎంత శాతం అన్నది రాయండి. మాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ మచ్చ శాతమే.