మాఘమాసానికి మాకులు వడకునా, వణకునా?

ముమ్మిడివరం: మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారండి. పన్నెండేళ్లుగా కుడిచెయ్యి వణుకుతోంది. ఒళ్లో పెట్టుకుంటే నిలకడగానే ఉంటుంది, పెన్నో కాఫీ గ్లాసో అందుకుంటే మొదలు. కాఫీ ఒలికినప్పుడల్లా మా నాయనమ్మ మాటొకటి అంటారు: "మాఘమాసానికి మాకులు వడకు". మాకులంటే చెట్లు. నాకు 'వణకు' అని విన్నట్టే గుర్తు. ఆయన 'డ'యే అంటారు. తర్వాత ఇంకో ముక్క ఉండాలి, అది ఇద్దరికీ తట్టడం లేదు. మాత్రలతో లాభం లేదు, మెదడులో తీగ పెట్టే ఆపరేషన్ చేద్దాం, హైదరాబాద్ రమ్మన్నారు. వెళ్లేలోగా ఇది తేల్చమంటున్నారు.

పాలకొల్లు: నాన్నగారిదే రైటు. వడఁకు, నడుమ అరసున్న. అరసున్న ఎగరగొడితే నూలు వడకడం అయిపోతుంది. 'ణ' తర్వాత వచ్చింది.

రాజోలు: పుస్తకంలో అలా ఉండొచ్చండి. మా లంకల్లో చలికి ఒణుకుతారు తప్ప వడకరు. సామెత జనం నోట్లోది, జనం ఎలా అంటే అదే పాఠం.

భీమవరం: పక్కమాట పట్టుకోండి, తేలిపోతుంది. గడగడ అంటే వడకు వచ్చి చేరుతుంది, గజగజ అంటే వణుకు. మీ నాయనమ్మగారు ఏది వాడేవారో అడగండి.

ద్రాక్షారామం: తమిళంలో నడుంగు, కన్నడంలో నడుగు. డకారం పాతదే. తమిళంలో ఉన్న అనునాసికం మనకి అరసున్నగా మిగిలింది, అది వెనక్కి జరిగి డని ణ చేసిందని నా నమ్మకం. ఛందస్సు మాత్రం సాయం చెయ్యదు. వడఁకు, వణఁకు రెండూ మూడు లఘువులే, గణానికి తేడా తెలియదు. ఆ డ, ణ అక్షరం ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా, పడ్డ పద్యం ఎవరైనా చూపిస్తే ఒప్పుకుంటాను.

మండపేట: ముమ్మిడివరం తమ్ముడూ, ముందు ఆపరేషన్ సంగతి చెప్పనీ. మా అమ్మకి చేయించాం. అమ్మది పార్కిన్సన్, చెయ్యి ఊరకే ఉన్నప్పుడే వణికేది, బొటనవేలు చూపుడువేలు మీద మాత్ర నలుపుతున్నట్టు. నాన్నగారిది పనిలో వచ్చే వణుకు, వేరే జబ్బు. తలకి ఫ్రేము బిగించి, సన్నని తీగని అనుకున్న చోటికి దింపుతారు. అమ్మకి అప్పుడు మెలకువగానే ఉంది. చెయ్యెత్తమంటారు, మాట్లాడమంటారు, కరెంటు పెంచుతూ తగ్గిస్తూ చూస్తారు. అమ్మ చెయ్యి మా కళ్లముందు నిలబడ్డ క్షణం ఈ జన్మకి మరిచిపోలేను. తర్వాత తీగని చర్మం కిందనుంచి చెవి వెనకగా తెచ్చి, కాలర్ ఎముక కింద బ్యాటరీకి కలుపుతారు. జబ్బు పోదు, వణుకు అణుగుతుంది. మాట కొంచెం ముద్దగా వస్తుందేమో ముందే అడుగు. మాస్టారు కదా, ఆయనకి అది చిన్న విషయం కాదు.

ఇక భాష సంగతి. మాకిచ్చిన కాగితంలో ఈ ఆపరేషన్‌ని, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌ని, 'లోతైన మెదడు ఉద్దీపన' అని రాశారు. లోతైనది మెదడా, ఉద్దీపనా? అమ్మ ఆ కాగితం చూసి "నా మెదడు మండిస్తారా?" అని భయపడింది.

పాలకొల్లు: భయపడరూ మరి. ఉద్దీపనం అంటే రగిలించడమే. అలంకారశాస్త్రంలో వెన్నెలా కోయిలా ఉద్దీపన విభావాలు, ఉన్న రతిని రగిలిస్తాయి. ఉన్న వణుకుని ఆపేదానికి ఆ పేరేమిటి?

ద్రాక్షారామం: అసలు కథ అక్కడే ఉంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే సర్జన్, 1987లో. అప్పట్లో వణుకుకి మెదడు లోపల ఉండే థాలమస్ అనే భాగంలో చిన్న చోటు కాల్చేసేవారు. కాల్చేముందు చోటు సరైనదో కాదో కరెంటిచ్చి చూసేవారు. సెకనుకి వందకి అటూ ఇటూ పల్సులు ఇస్తే వణుకు ఆగిందని ఆయన గమనించి, కాల్చడం మాని తీగని అక్కడే ఉంచేశారు. ఇప్పుడు మామూలుగా 130 దాకా ఇస్తారు. పార్కిన్సన్ వణుకు సెకనుకి నాలుగైదుసార్లు. మెదడులో తప్పు తాళమేదో పట్టుకుని వదలదు, దాని మీద ఈ వేగం పడేసరికి ఆ తాళం చెదురుతుంది. కనక ఇది ఉద్దీపన కాదు. 'తాళం మళ్లింపు' అందాం.

రాజోలు: మళ్లింపు బాగుంది, మాకు కాలవ నీళ్లలాగా అర్థమవుతుంది.

భీమవరం: పోతన గారైతే ఒక్క మాటలో చెప్పేవారు. "ధైర్యము విలోలంబయ్యె". వణికేది తొండం కాదు, ధైర్యం! "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" తర్వాతే. ముందు ధైర్యం కదిలింది, ఆ తర్వాతే ప్రాణాలు చోటు తప్పాయి. చెయ్యి వణికేవాళ్లని నలుగురిలో చూడండి, వాళ్లని ముందు వదిలేది ధైర్యమే.

పాలకొల్లు: విలోలం అంటే చలించడం, వడఁకడం కాదు. కళ్లూ విలోలమే, ముంగురులూ విలోలమే. అక్కడ భయం లేదు.

భీమవరం: ధైర్యానికి పక్కన పెట్టాక భయమే అవుతుంది, పాలకొల్లు గారూ. మాటకి అర్థం పొరుగుని బట్టి వస్తుంది.

ముమ్మిడివరం: అందరికీ నమస్కారం. నాన్నగారికి రాత్రి అన్నీ చదివి వినిపించాను. మండపేట అక్క చెప్పింది రెండుసార్లు చదివించుకున్నారు. గజగజ, గడగడ సంగతి అడిగితే నాయనమ్మ "గడగడా ఒణికిపోతన్నాన్రా" అనేదిట! అరసున్న ఉందని వినగానే కాగితం తెమ్మన్నారు. వడ దాకా వచ్చింది, అరసున్న దగ్గర పెన్ను జారి గీత పక్కకి పోయింది. ఆ చిన్న గుండ్రం ఆపరేషన్ బల్ల మీద రాసి చూపిస్తానని డాక్టరుకి చెప్పమన్నారు. సోమవారం బయల్దేరుతున్నాం.

మండపేట: చెప్పు తమ్ముడూ. అక్కడ సుడిలా గీత గీయించి చూస్తారు. దాని బదులు అరసున్న గీయిస్తామంటే కాదనరు.

భీమవరం: గడగడా ఒణికి, రెండూ కలిపేశారా ఆవిడ! అయితే నా లెక్క మళ్లీ చూసుకోవాలి.

రాజోలు: రెండో ముక్క సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా పెదనాన్న "మాఘమాసానికి మాకులు" అన్నాక ఎండ గురించి ఏదో అనేవారు.