సూపర్ మారియో వరల్డ్‌లో ఆకురాలు కాలం: ఒకసారి వచ్చాక వెనక్కి మార్చుకునే వీలు ఉండాలా?

పసుపుకేప్:
పాత గేమ్‌లను కొత్తగా తీయడం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఇక్కడే ఒకరు, "సూపర్ మారియో వరల్డ్ మళ్లీ చేస్తే ఆకురాలు కాలానికి ఆప్షన్స్‌లో ఒక స్విచ్ పెట్టాలి" అన్నారు. చాలామంది తలూపారు. నాకు మాత్రం అది అస్సలు మింగుడు పడలేదు. అందుకే విడిగా చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెప్తాను. 1990లో సూపర్ నింటెండో అనే గేమ్ కన్సోల్‌తో పాటు జపాన్‌లో వచ్చిన గేమ్ ఇది. స్టార్ రోడ్ అనే రహస్య లోకంలో ఐదో స్టేజి రహస్య దారి కనిపెడితే స్పెషల్ జోన్ అనే ఇంకో రహస్య లోకం తెరుచుకుంటుంది. అందులో ఎనిమిది స్టేజీలు, గ్నార్లీతో మొదలై ఫంకీతో అయిపోతాయి. ఫంకీ చివర గాల్లో నాణేలు "యూ ఆర్ ఎ సూపర్ ప్లేయర్" అన్న అక్షరాలుగా పేర్చి ఉంటాయి. అది దాటి, స్టేజీలు ఎంచుకునే మామూలు మ్యాప్‌కు వచ్చి చూస్తే పచ్చటి నేలంతా ఆకులు రాలే కాలం రంగులోకి మారిపోయి ఉంటుంది. స్టేజీల్లోకి వెళ్తే కూపాలనే తాబేలు శత్రువుల డిప్పలు మారియో ముఖాల ముసుగులై ఉంటాయి, పిరాన్హా మొక్కల బదులు గుమ్మడికాయలు వస్తాయి, ఫిరంగుల్లోంచి బుల్లెట్ బిల్ అనే పెద్ద తూటా బదులు పక్షి దూసుకొస్తుంది. "ఇలా మారబోతోంది" అని గేమ్ ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ సేవ్ ఫైల్‌లో ఇక పాత రంగులు తిరిగి రావు.

నా వాదన ఒక్కటే. ఈ మార్పుకు విలువ ఉన్నది అది తిరిగి రాదు కాబట్టే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆట పూర్తి చేశాక మళ్లీ ఆడితే గూంబాలనే మామూలు శత్రువుల చోట బజ్జీ బీటిల్స్ అనే డిప్ప పురుగులు వస్తాయి, వాటికి నిప్పు తగలదు. అంటే అక్కడ ఆట కష్టమవుతుంది. ఇక్కడ కష్టం ఒక్క పిసరు కూడా పెరగదు. కూపా అదే వేగంతో నడుస్తుంది, పక్షి బుల్లెట్ వెళ్లే దారినే వెళ్తుంది. మారేదల్లా ఆ లోకం మనకు కనబడే తీరు. మనం చేసిన పని ఆ నేల మీద నిలిచిపోయింది. దానికి స్విచ్ పెడితే అది వాల్‌పేపర్ అవుతుంది.

మూడోఫైల్:
పసుపుకేప్ గారూ, మీరు చెప్పింది బాగుంది కానీ అది ఒంటరిగా ఆడినవాళ్ల మాట. గేమ్ కార్ట్రిడ్జ్‌లో సేవ్ ఫైళ్లు మూడే. ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఇద్దరు ఒకే ఫైల్‌లో ఆడాల్సిందే.

నాది అన్నయ్యతో కలిసిన ఫైల్. తను స్టార్ రోడ్ పిచ్చిలో పడి స్పెషల్ జోన్ పూర్తి చేసేశాడు. నేను అప్పటికి ఆట చివరి వైపు వచ్చే చాక్లెట్ ఐలాండ్ కూడా చేరలేదు. స్కూల్ నుంచి వచ్చి టీవీ పెట్టేసరికి అంతా గోధుమ రంగు. గేమ్ పాడైపోయిందనుకుని ఏడ్చేశాను. అన్నయ్యకూ ఎందుకు మారిందో తెలియదు, ఎక్కడా రాసి లేదు కదా. పాత రంగులు కావాలంటే ఉన్నది ఒకటే మార్గం: ఫైల్ చెరిపేసి మొదటి నుంచి ఆడటం. కనిపెట్టిన దారులన్నీ పోతాయి. గెలిచినవాడికి బహుమానం ఇవ్వడానికి పక్కవాడి దగ్గర్నుంచి ఎందుకు లాక్కోవాలి? స్విచ్ ఉంటే మీ ఫైల్‌లో మీరు ఎప్పటికీ ముట్టుకోకండి, ఎవరూ బలవంతం చేయరు.

నక్షత్రబాట:
స్విచ్ ఉండాలా వద్దా అన్నదాని కంటే అసలు ప్రశ్న వేరే ఉంది: మార్పు ఎప్పుడు రావాలి?

స్టార్ రోడ్‌కు దారి ఎంత ముందుగా దొరుకుతుందో గుర్తు చేసుకోండి. డోనట్ సీక్రెట్ హౌస్ అనే స్టేజిలో బిగ్ బూ అనే పెద్ద దెయ్యాన్ని ఓడిస్తే చాలు, స్టార్ రోడ్‌కు తీసుకెళ్లే నక్షత్రం మ్యాప్ మీద తెరుచుకుంటుంది. అంటే మనం ఇంకా ఆట మొదట్లో వచ్చే డోనట్ ప్లెయిన్స్‌లోనే ఉన్నాం. వనిల్లా డోమ్, ఫారెస్ట్ ఆఫ్ ఇల్యూజన్, చాక్లెట్ ఐలాండ్, బౌజర్ లోయ ఏదీ చూడలేదు. చేయి తిరిగినవాళ్లు అక్కడి నుంచే స్పెషల్ జోన్‌కు వెళ్లి ఫంకీ దాటేయొచ్చు. అప్పుడు వాళ్లకు సగం లోకం మొదటిసారి కనబడేదే ఆకురాలు కాలంలో. మామూలుగా ఎలా ఉంటుందో తెలియని చోట మార్పు వస్తే అది మార్పని ఎలా తెలుస్తుంది? ఆ అడవిని పచ్చగా చూసినవాడికే కదా అది రంగు మారిందని అనిపించేది.

నింటెండో దీన్ని ఒకసారి మార్చింది కూడా. 2001 చివర్లో జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి కన్సోల్‌కు సూపర్ మారియో అడ్వాన్స్ 2గా ఇదే గేమ్ మళ్లీ వచ్చినప్పుడు స్పెషల్ జోన్ ఒక్కటే సరిపోదు, మొత్తం 96 ఎగ్జిట్లూ, అంటే స్టేజీలను పూర్తి చేసే మామూలు, రహస్య దారులన్నీ, కనిపెట్టాలని షరతు పెట్టారు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. అన్నీ చూశావు, ఇప్పుడు అన్నీ మారాయి. మూడోఫైల్ గారి బాధ కూడా చాలావరకు తీరేది, ఎందుకంటే 96 దొరికేసరికి ఆ ఫైల్‌లో ఆడే ఇద్దరూ చాక్లెట్ ఐలాండ్ దాటే ఉంటారు.

పసుపుకేప్:
నక్షత్రబాట గారూ, డోనట్ ప్లెయిన్స్ నుంచి నేరుగా వెళ్లొచ్చన్నది నిజమే. కానీ ఎవరు వెళ్తారు? మొదటిసారి ఆడేవాడు స్పెషల్ జోన్‌లోని ట్యూబ్యులర్ స్టేజి దాటడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? బెలూన్ మింగి ఉబ్బి, కింద నేలన్నదే లేకుండా గాల్లో తేలుతూ పోవాలి. ఎదురుగా చక్‌లనే శత్రువులు ఫుట్‌బాల్ తన్నుతుంటారు. ఆ ఉబ్బు తగ్గేలోగా తర్వాతి బెలూన్ అందకపోతే అంతే సంగతులు. ఒక్క దెబ్బ తగిలితే మళ్లీ మొదటికి. దాన్ని దాటగలిగినవాడికి ఆ పాటికి గేమ్ బాగా అలవాటై ఉంటుంది.

96 షరతు మీద నాకున్న అభ్యంతరం ఇంకోటి, పెద్దది. అన్ని ఎగ్జిట్లూ అయిపోయాక ఆ లోకంలో చేయడానికి ఇంకేం మిగిలింది? రంగులు మారిన మ్యాప్ మీద కాసేపు తిరిగి, రెండు గుమ్మడికాయలు చూసి, ఆపేస్తాం. సూపర్ నింటెండోలో అలా కాదు. స్పెషల్ జోన్ అయ్యాక కూడా ఇంకా దొరకని దారులు ఉంటాయి. వాటి కోసం మళ్లీ పాత స్టేజీలకు వెళ్తాం, అవి కొత్త రూపంలో ఎదురవుతాయి. అక్కడ మనం నిజంగా ఆడతాం. నాకు ఫారెస్ట్ ఆఫ్ ఇల్యూజన్‌లో మిగిలిన దారులు దొరికింది అలాగే. ఆ అడవి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముందు ఆ గోధుమ రంగు మ్యాపే కళ్లముందుకు వస్తుంది.

ప్యాలెట్‌పిచ్చి:
లోపలి పని గురించి కొంచెం చెప్తాను, చర్చకు పనికొస్తుంది.

మ్యాప్ మారడం అంటే మ్యాప్ బొమ్మలను మళ్లీ గీయలేదు. బొమ్మలు అవే. సూపర్ నింటెండోలో తెర మీది బొమ్మలన్నీ ఒక రంగుల పట్టిక నుంచి రంగు తీసుకుంటాయి. ఆ పట్టికలో 256 గడులు, ఒక్కో రంగుకు రెండు బైట్లు. పచ్చ ఉన్న గడిలో గోధుమ రాస్తే చాలు, తెర మీద ఆ పచ్చ ఉన్న చోటల్లా గోధుమ అయిపోతుంది. మొత్తం గేమ్ 512 కిలోబైట్లలో పట్టిన కాలంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద మార్పు చూపించడం నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. కూపా ముసుగు, పక్షి, గుమ్మడికాయ మాత్రం అలా కాదు. వాటికి విడిగా బొమ్మలు గీయాల్సిందే, వాటికి చోటు కేటాయించాల్సిందే. అంత ఇరుకులోనూ వాటికి చోటు ఇచ్చారు.

ఇంకో సంగతి. ఈ మార్పుకంటూ గేమ్‌లో విడిగా ఒక ఆప్షన్ లాంటిది లేదు. సేవ్‌లో ఫంకీ దాటినట్టు గుర్తు ఉందా అని చూస్తుంది, ఉంటే ఆకురాలు కాలం, లేకపోతే లేదు. దాటిన స్టేజీని దాటనట్టు చేయలేం కాబట్టి వెనక్కి వెళ్లే దారీ లేదు. స్విచ్ పెట్టడం పెద్ద పనేం కాదు, చేయాలనుకుంటే చేసేయొచ్చు. కానీ నా ఓటు పసుపుకేప్ గారికే, సగం వరకు. మ్యాప్ మార్పు ఎప్పటికీ ఉండాలి. శత్రువుల బొమ్మలు మాత్రం నాకు నచ్చవు. బుల్లెట్ బిల్‌ను చూడగానే అది తిన్నగా వస్తుందని అర్థమవుతుంది. పక్షిని చూస్తే రెక్కలున్నాయి కదా, పైకో కిందికో తిరుగుతుందేమో అనిపిస్తుంది. ఎప్పటికీ తిరగదు. బొమ్మ ఒకటి చెప్తుంటే కదలిక ఇంకోటి చెప్పడం ఇలా దూకుతూ పరిగెత్తే మంచి ప్లాట్‌ఫార్మర్ గేమ్ చేయాల్సిన పని కాదు.

కొత్తఆట:
నేను ఈ గేమ్ మొదటిసారి ఆడింది నింటెండో స్విచ్ కన్సోల్ ఆన్‌లైన్ సేవలో, 2019లో సూపర్ నింటెండో గేమ్‌లు అందులోకి వచ్చాక. అక్కడ ఆటను వెనక్కి తిప్పే రీవైండ్ ఉంది, ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. ఫంకీకి ముందు ఒక సేవ్ పెట్టుకుంటే పచ్చ లోకం ఒకటి, గోధుమ లోకం ఒకటి, రెండూ నా దగ్గరే ఉంటాయి. మీరు "తిరిగి రాదు" అంటున్నది మా తరానికి ఎప్పుడో పోయింది. అయినా నాకు ఆ మార్పు చూడగానే ఒళ్లు జలదరించింది. తిరిగి రాకపోవడంలోనే విలువ ఉంటే నాకు అలా అనిపించకూడదు కదా?

ప్యాలెట్‌పిచ్చి గారూ, పక్షి సంగతి మీరు చెప్పింది నిజం. ముసుగులు మాత్రం ఉండాల్సిందే. మనం తన్నే డిప్ప మీద మన ముఖమే ఉండటం, అది గోడకు కొట్టుకుని తిరిగి మన మీదికే రావడం, నాకు మొత్తం గేమ్‌లో బాగా నచ్చినది అదే.

నక్షత్రబాట:
పసుపుకేప్ గారూ, 96 అయ్యాక ఆడటానికి ఏమీ ఉండదన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. బలమైన మాటే. అయితే మధ్యేమార్గం ఒకటుంది: చివరి విలన్ బౌజర్‌ను ఓడించి ఉండాలి, ఫంకీ కూడా దాటి ఉండాలి. రెండూ అయితేనే ఆకురాలు కాలం. అప్పుడు లోయ వరకు ఒక దారైనా అసలు రంగుల్లో చూసే ఉంటాం, వెతకాల్సిన ఎగ్జిట్లూ మిగిలే ఉంటాయి.

పసుపుకేప్:
స్టార్ రోడ్ నుంచి అడ్డదారిలో బౌజర్ కోట దగ్గరికి వెళ్లొచ్చు కాబట్టి మీ షరతు పెట్టినా చాక్లెట్ ఐలాండ్ చూడకుండా ఉండిపోయేవాళ్లు ఉంటారు. అయినా ఆ రూల్‌తో నాకు పేచీ లేదు. స్పెషల్ జోన్ అయిన క్షణానికి, మార్పుకు మధ్య పెద్ద ఎడం రాకుండా ఉంటే చాలు.

కొత్తఆట గారూ, మీరు ఫంకీకి ముందు సేవ్ పెట్టుకున్నారంటే ఏదో మారబోతోందని మీకు ముందే తెలుసు. తెలియకుండా ఆ మ్యాప్ మీద కాలు పెట్టడం వేరు.

మూడోఫైల్:
అందరూ "ఎప్పుడు" దగ్గర ఆగిపోయారు. నా సమస్య అలాగే ఉంది. సూపర్ నింటెండో గేమ్‌లో ఫైల్ చెరిపే ఆప్షన్ ఉంది, కాపీ చేసే ఆప్షన్ లేదు. స్విచ్ వద్దంటారా, సరే, కాపీ ఇవ్వండి. ఫంకీలోకి వెళ్లేముందు ఖాళీగా ఉన్న ఫైల్‌లోకి కాపీ చేసుకుంటాం. ఒకరి లోకం మారుతుంది, ఇంకొకరిది పచ్చగా ఉంటుంది, ఎవరి కష్టమూ పోదు.

పసుపుకేప్:
కాపీకి నేను నూరు శాతం ఒప్పుకుంటాను. మారిన ఫైల్ మారినట్టే ఉంటుంది కదా. కొత్తగా తీసేవాళ్లు కాపీ పెట్టాలి, స్విచ్ పెట్టకూడదు. ప్యాలెట్‌పిచ్చి గారూ, ఆ పక్షిని ఏం చేద్దామంటారు?

ప్యాలెట్‌పిచ్చి:
రెక్కలు ముడుచుకుని దూసుకొచ్చేలా గీయమనండి. తిన్నగా వస్తుందని చూడగానే తెలుస్తుంది. అప్పుడు నాకూ అభ్యంతరం లేదు.