చిట్టి చీమ మ్రింగె సింహగిరిని: ఈ వారం పూరణలు

పృచ్ఛకుడు (మధురవాడ):
ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

*చిట్టి చీమ మ్రింగె సింహగిరిని*

మొన్న రాత్రి మనవరాలికి ఏడు చేపల కథ చెప్పాను. చేప, గడ్డిమోపు, ఆవు... వరసగా అందరినీ అడుగుతూ పోతే చివరికి తేలింది చీమ. "అంత చిన్నదా, తాతా?" అంది. అక్కడ పుట్టిందీ పాదం. సింహగిరి అంటే మన సింహాచలం కొండే. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి చుట్టూ 32 కిలోమీటర్లు నడిచినవాళ్లకు ఆ కొండ ఎంతదో నేను చెప్పక్కర్లేదు. షరతు ఒక్కటే, పిల్లలు నమ్మాలి.

గాజువాక కుర్రాడు (మొదటి ప్రయత్నం, తిట్టకండి):

పంచదారతోడఁ బాప కట్టెను కొండ
బొమ్మకొలువులోన నిలువఁబెట్టె
అలికిడైన లేక యందరు నిద్రింప
చిట్టి చీమ మ్రింగె సింహగిరిని

పృచ్ఛకుడు: ఊహ ముద్దుగా ఉంది బాబూ. రెండో పాదంలో 'బొ'కి 'ని' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కలవాల్సిన అక్షరం) కుదరదు. "బొమ్మకొలువులోనఁ బొందుపఱచె" అంటే సరిపోతుంది. ఆ పంచదార కొండే సింహగిరి అని పద్యం ఎక్కడా చెప్పలేదు. పైగా ఒక్క చీమ, ఒక్క రాత్రిలోనా?

గాజువాక కుర్రాడు: చీమ అంటే చీమల జాతి అండీ!

పృచ్ఛకుడు: సరే, వదిలేశాను.

పెందుర్తి పంతులుగారు (క్రమాలంకారంలో):

బెల్లపచ్చు మోయు పిల్లజీవేదిరా?
కడలి నీటినెల్లఁ గలశజుండు
ఏమి చేసె? నృహరి యెచ్చోట వెలసెరా?
చిట్టి చీమ – మ్రింగె – సింహగిరిని

భీమిలి అమ్మమ్మ: మూడు ప్రశ్నలకు మూడు జవాబులు, పాతకాలపు చమత్కారం. 'సింహగిరిని' అన్నది 'సింహగిరిలో' అనే అర్థంలో బాగానే చెల్లింది. నాకు మాత్రం మధ్యలో అగస్త్యుడు నచ్చాడు. కుండలో పుట్టినాయన కడలినంతా తాగేశాడంటే చిన్నాపెద్దా కథ అక్కడే ఉంది కదా! పిల్లలకు మాత్రం ఇది పొడుపుకథే, కొండ కదల్లేదు. నేను హనుమంతుడితో పూరిద్దామనుకున్నాను. సురస నూరు యోజనాల నోరు తెరిస్తే బొటనవేలంతై లోపలికెళ్లి బయటపడ్డాడే, ఆ కథ. చీమను ఎక్కడ పెట్టాలో తెలియక మానేసి ఇలా రాశాను:

పచ్చిగడ్డి కొనల పైమంచు బొట్టులో
కొండ నీడ తోఁచె గుడిని గూడి
దప్పికైన వేళ దానినే త్రాగుచు
చిట్టి చీమ మ్రింగె సింహగిరిని

పెందుర్తి పంతులుగారు: అమ్మా, నా పద్యం వెనక్కి తీసుకుంటున్నాను! మాటను విరవలేదు, కొండకు మారుపేరు పెట్టలేదు. 'పచ్చి–పై', 'కొండ–గుడి' యతులు కూడా ఎక్కడా గుచ్చుకోలేదు.

సీతమ్మధార సైన్సు టీచరు: చిన్న సవరణ. దూరంగా ఉన్న కొండ మంచుబొట్టులో తలకిందులుగా కనిపిస్తుంది, బొట్టు కుంభాకార కటకంలా పనిచేస్తుంది కాబట్టి. 'నీడ' అనేది నిజానికి సరికాదు.

భీమిలి అమ్మమ్మ: పద్యంలో నీడే ఉండనీ తల్లీ, గణం చెడుతుంది.

పృచ్ఛకుడు: మనవరాలికి మూడూ చదివి వినిపించాను. పంచదార దగ్గర నవ్వింది, ప్రశ్నల దగ్గర ఆవులించింది. మంచుబొట్టు దగ్గర లేచి కూర్చుంది. తలకిందుల సంగతి కూడా చెప్పాను. "అయితే చీమ ముందు గుడి తాగిందా, కొండ తాగిందా?" అని అడిగింది. ఇప్పుడు కొండ మళ్లీ బయటకు రావాలట, ఆదివారం కొండమీది అప్పన్న స్వామి దర్శనానికి వెళ్లాలి కదా అంటోంది. అమ్మమ్మగారూ, ఇంకో పద్యం బాకీ.