ఘనపరిమాణం మారకపోతే ఉపరితల వైశాల్యం కూడా మారదంటున్నారు పిల్లలు, ఎలా చెప్పాలి?

పాలకొల్లు లెక్కల టీచర్:
నమస్కారం అండి. తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. సూత్రాలు గడగడా అప్పజెప్పేస్తారు, దీర్ఘఘనం కొలతలిస్తే జవాబు తెచ్చేస్తారు. నిన్న 1 సెం.మీ. చెక్క ఘనాలు ఎనిమిది ఇచ్చి, వీటినే ఇంకోలా పేరిస్తే ఉపరితల వైశాల్యం మారుతుందా అనడిగితే క్లాసంతా "మారదండీ, ఘనాలు అవే కదా" అన్నారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం ఏమీ అనకుండా వేలు పెట్టి ముఖాలు లెక్కపెడుతూ కూర్చుంది. మిగతావాళ్ళకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ఉండి మాస్టారు:
ఆ అమ్మాయి చేసిందే అందరిచేతా చేయించండి, సూత్రం జోలికి వెళ్ళకుండా. విడివిడిగా ఉంటే 48 ముఖాలు. ఒకే వరసలో పేరిస్తే 34, 1×2×4 పలకలా అయితే 28, 2×2×2 గా అయితే 24. తగ్గిన ముఖాలు ఎక్కడికి పోయాయని అడగండి. రెండు ఘనాలు ఆనుకున్న ప్రతిచోటా రెండు ముఖాలు లోపలికి పోతాయి, వరసలో 7 అతుకులు కాబట్టి 14 పోయి 34 మిగిలాయి. ఈ ఒక్కటీ పట్టుకుంటే చాలు.

రైతు బిడ్డ, ఆచంట:
మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ మన పిల్లలకి ఇంతకన్నా దగ్గరిది ఇంటి ముందే ఉంది కదండీ, ధాన్యం ఆరబోత. 1 ఘనపు మీటరు ధాన్యాన్ని బరకం మీద 5 సెం.మీ. మందాన పరిస్తే 20 చదరపు మీటర్లు పడుతుంది, 2 సెం.మీ. అయితే 50. గింజ ఒక్కటీ పెరగలేదు, ఎండా గాలీ తగిలే చోటు పెరిగింది. ఘనపరిమాణాన్ని మందంతో భాగిస్తే వైశాల్యం వస్తుందని అక్కడే చూపించొచ్చు. పచ్చి ధాన్యం కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చమనండి, పైన పొడిగా ఉన్నా లోపల చెమ్మగా, వెచ్చగా తగులుతుంది. మా నాన్న అలాగే చూసి తిరగేయమనేవారు.

భీమవరం చెరువుల ఆయన:
చెరువు కూడా చెప్పండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, మీటరు లోతు నీళ్ళుంటే 40 లక్షల లీటర్ల పైమాట (గట్లు ఏటవాలు కాబట్టి ఉజ్జాయింపే). లోతు మీటరున్నరకి పెంచితే నీళ్ళు ఒకటిన్నర రెట్లవుతాయి, గాలి తగిలే పైభాగం మాత్రం దాదాపు అంతే. ఏరేటర్లు నీళ్ళని తుంపర్లుగా ఎగరేసేది గాలి తగిలే ఆ వైశాల్యం పెంచడానికే.

పాలకొల్లు లెక్కల టీచర్:
అందరికీ థాంక్స్ అండి. ఇవాళ ఘనాలతోనే చేయించాను, రేపు బరకం. ఆ అమ్మాయి 27 ఘనాలు అడిగి తీసుకుంది, 3×3×3 కి 54, వరసలో పెడితే 110 అని తనే రాసి చూపించింది. "నట్టనడుమ ఘనానికి ఒక్క ముఖం కూడా బయటికి లేదు మేడం" అని దాన్ని బయటికి తీసి మరీ చూపించింది.